పోతు ఎవరి బిడ్డ?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. అంతకుముందు ఆ చుట్టుపక్కలంతా రాతిగుట్టలు, తుమ్మపొదలు, దుర్గం చెరువు గట్టు. జీవాలు మేపుకోవడానికి అనువైన నేల. ఇప్పుడక్కడ మంద నిలవడానికి జాగా లేదు. కానీ మేకల మాట మాత్రం అద్దాల భవనాల్లో మళ్లీ గట్టిగానే వినిపిస్తోంది. చేవెళ్ల, శంకర్‌పల్లి, షాద్‌నగర్, వికారాబాద్ వైపు రెండు మూడెకరాలు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మేకల షెడ్డు వేస్తే ఎలా ఉంటుందని లెక్కలు వేసుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వం 2021లో సవరించిన జాతీయ పశుధన మిషన్ ఆ లెక్కలకు ఊపు ఇచ్చింది. వంద ఆడ జీవాలు, అయిదు పోతుల నుంచి అయిదు వందల ఆడ జీవాలు, ఇరవై అయిదు పోతుల దాకా పెంపకం యూనిట్ పెడితే పెట్టుబడిలో సగం సబ్సిడీగా వస్తుంది. గరిష్ఠ పరిమితి 50 లక్షల రూపాయలు.

డబ్బు లెక్క కుదిరాక వచ్చే మొదటి ప్రశ్న: ఏ జాతి? అమ్మేవాళ్ల దగ్గర పేర్లకు కొదవ లేదు. సిరోహి, జమునాపారి, బార్బరీ, బీటల్, తలచ్చేరి, ఉస్మానాబాదీ, బోయర్ క్రాస్. కొనేవాళ్లు ఫోన్‌లో ఫోటో తీసి తెలిసిన పశువైద్యుడికి పంపి ఇది అసలుదేనా అని అడుగుతారు. నిజాయతీగా జవాబు చెప్పాలంటే చాలాసార్లు ఒకటే మాట: ఇది కలగలుపు మేక, ఇందులో ఏమేం కలిశాయో ఫోటో చెప్పదు.

ఇందులో మోసమే ఉండనక్కర్లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.88 కోట్లు. వాటిలో సగానికి పైగా ఏ జాతి కిందికీ రానివి. తెలంగాణలో ఆ ఏడాది లెక్కకు వచ్చిన మేకలు సుమారు 49 లక్షలు. అప్పటికి తెలంగాణను సొంత గడ్డగా చూపిస్తూ జాతిగా నమోదైన మేక ఒక్కటీ లేదు. పక్కనున్న మరాఠ్వాడాకు ఉస్మానాబాదీ ఉంది, బీదర్‌కు బిద్రీ ఉంది. జహీరాబాద్ దాటి పది మైళ్లు పోతే పేరున్న మేక, ఇవతల మేస్తే నాటు మేక. మేకకు మాత్రం ఆ రాష్ట్ర సరిహద్దు తెలియదు. సంతలు ఒకటే, కాపరుల చుట్టరికాలు ఒకటే, పోతులు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

అసలు జాతి అంటే ఏమిటి? హరియాణాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ మన దేశంలో జాతులను నమోదు చేస్తుంది. ఒక ప్రాంతంలో తరతరాలుగా ఉంటూ, తమలో తామే కలుస్తూ, ఒకే తీరు లక్షణాలను పిల్లలకు నమ్మకంగా అందించే జీవాల గుంపును జాతిగా గుర్తిస్తుంది. ఈ నిర్వచనంలో బరువైన మాట ‘నమ్మకంగా’ అన్నదే. ఒక్క మేక ఎలా కనిపిస్తోందన్నది కాదు ముఖ్యం. దాని పిల్లలు, వాటి పిల్లలు ఎలా పుడతాయన్నది ముఖ్యం. అందువల్ల జాతి అనేది ఒక మేక ఒంటి మీద కనిపించే ముద్ర కాదు, ఒక గుంపుకు ఉండే గుణం.

అయినా పేరున్న జాతుల్ని గుర్తుపట్టే కొండగుర్తులు తెలిసి ఉండటం మంచిదే. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లా, చంబల్-యమున లోయల నుంచి వచ్చిన జమునాపారిది చిలకముక్కు. నుదుటి నుంచి ముక్కు దాకా ఎత్తుగా వంపు తిరిగి ఉంటుంది. చెవులు జానెడు దాటి వేలాడతాయి, వెనక తొడల మీద పొడవాటి వెంట్రుకలుంటాయి. బార్బరీ పొట్టిది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు చుక్కలు, గొట్టంలా చుట్టుకుని నిలబడే చిన్న చెవులు దాని ఆనవాళ్లు. సోమాలియా తీరంలోని బెర్బెరా రేవు పేరే దానికి వచ్చిందంటారు. రాజస్థాన్ సిరోహి గోధుమరంగులో, అక్కడక్కడ ముదురు మచ్చలతో ఉంటుంది. చెవులు ఆకుల్లా చదునుగా వాలి ఉంటాయి. దక్షిణాఫ్రికా బోయర్‌ది తెల్లటి ఒళ్లు, ఎర్రటి తల, బలమైన ఛాతీ.

ఇక మన నేలకు అన్నిటికంటే దగ్గరి చుట్టం ఉస్మానాబాదీ. దాదాపు నాలుగింట మూడొంతుల మేకలు నల్లగా ఉంటాయి, తక్కినవి తెలుపు, గోధుమ, చుక్కలు. పోతుల్లో పదింట తొమ్మిదింటికి కొమ్ములుంటాయి. ఆడమేకల్లో సగం కొమ్ములవి, సగం బోడివి. అంటే కచ్చితమైన జాతి మేకల్లో కూడా అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉండవు. నల్లగా లేనంత మాత్రాన ఉస్మానాబాదీ కాకుండా పోదు, నల్లగా ఉన్నంత మాత్రాన అయిపోదు.

కలగలుపు మేక దగ్గరికి వచ్చేసరికి ఈ గుర్తులు ఇంకా తికమక పెడతాయి. చెవుల పొడవును చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. పొడుగు చెవుల పోతును పొట్టి చెవుల మేకకు దాటిస్తే పిల్లల చెవులు మధ్యస్థంగా వస్తాయి. ఆ మధ్యరకం చెవులను చూసి కొందరు సిరోహి అనుకుంటారు, కొందరు ఉస్మానాబాదీ అనుకుంటారు. రంగు దీనికి పూర్తిగా భిన్నం. దాన్ని కొద్దిపాటి జన్యువులే శాసిస్తాయి, కొన్ని రంగులు మిగతావాటిని కప్పేస్తాయి. అందుకే ముత్తాత తరంలో ఒక్కసారి కలిసిన రంగు ఇప్పటికీ పైకి కనిపిస్తూ ఉండవచ్చు. ఆ మేక శరీరంలో ఆ జాతి తాలూకు అంశ పన్నెండు శాతమే మిగిలి ఉండవచ్చు. ఎర్రటి తల చూసి బోయర్ ధర పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకుంటే చాలు.

మేక మెడ చన్నుల సంగతి మరీ విచిత్రం. గొంతు కింద వేలాడే ఆ రెండు తోలు లోలకులను చూసి ‘ఇది ఫలానా జాతి లక్షణం’ అని అమ్మకందార్లు చూపిస్తుంటారు. అవి ఎన్నో జాతుల్లో, నాటు మేకల్లో, యూరప్ మేకల్లో కూడా కనిపిస్తాయి. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి నుంచి ఆ జన్యువు అందినా పిల్లకు వస్తాయి. పాలకూ మాంసానికీ జాతికీ వాటితో సంబంధం లేదు. తెలుగులో పనికిరానిదానికి మేకమెడ చన్నును ఉపమానంగా వాడటం ఊరికే పుట్టలేదు.

కంటికి అందనిది డీఎన్‌ఏకు అందుతుందా? కొంతవరకు అందుతుంది. చైనాలోని యునాన్ నల్ల మేక జన్యుపటం 2013లో వెలువడింది. ఆ కాలంలోనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం దాదాపు 52 వేల జన్యు గుర్తులను ఒకేసారి చదివే చిప్‌ను మేకల కోసం తయారుచేసింది. చిన్న రక్తం చుక్కతోనో, చెవి ముక్కతోనో ఒక మేక గుర్తులన్నీ చదివి, పేరున్న జాతుల గుర్తులతో పోల్చి, ఇందులో ఇది ఇంత శాతం, అది అంత శాతం అని అంచనా కట్టవచ్చు.

అయితే ఆ అంచనాకు ఒక ఇబ్బంది ఉంది. పోల్చడానికి పెట్టుకున్న జాబితాలో ఉన్న జాతుల పేర్లే ఫలితంలో వస్తాయి. మన నాటు మేకల నమూనాలు అందులో లేకపోతే లెక్కకట్టే ప్రోగ్రామ్ వాటిని ఉన్నవాటిలో దగ్గరగా అనిపించిన జాతిలో పడేస్తుంది. వనపర్తి పక్క పల్లెలో పదితరాలుగా బయటి పోతు మొహం చూడని మేకకు ‘డెబ్బై శాతం ఉస్మానాబాదీ’ అని కాగితం రావచ్చు. మాదాపూర్‌లో డేటాతో పనిచేసేవాళ్లకు ఈ చిక్కు కొత్తేమీ కాదు. నమూనాల్లో లేనిదాన్ని ఏ మోడల్ గుర్తించలేదు.

ఇదే ఐటీ కారిడార్‌లో, గచ్చిబౌలి అవతల గోపన్‌పల్లి వైపు, జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింద పనిచేసే ఈ సంస్థ 2021 ఆగస్టులో ‘ఇండిగౌ’ పేరుతో దేశీ ఆవుల కోసం జన్యు చిప్ విడుదల చేసింది. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు లాంటి జాతుల స్వచ్ఛతను నిలబెట్టడం దాని ఉద్దేశం. విదేశీ ఆవుల కోసం చేసిన చిప్‌లు మన ఆవులను సరిగ్గా చదవలేవు కాబట్టే దాని అవసరం వచ్చింది. మేకల విషయంలో కూడా పాఠం ఇదే. ముందు మన మేకల నమూనాలు మన చేతిలో ఉండాలి. ఆ పనికి కావాల్సిన ప్రయోగశాలలు, కంప్యూటర్లు, మనుషులు అన్నీ పది పదిహేను కిలోమీటర్ల పరిధిలో ఉన్న నగరం ఇది.

మాంసం ముక్క మేకదా గొర్రెదా తేల్చడం తేలిక. చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ అలాంటి డీఎన్‌ఏ పరీక్షల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. రెండు వేర్వేరు జీవజాతుల మధ్య తేడా లక్షల ఏళ్లది, చిన్న డీఎన్‌ఏ ముక్కలోనే బయటపడుతుంది. సిరోహికీ ఉస్మానాబాదీకీ మధ్య తేడా అలాంటిది కాదు. మేకను మనిషి మచ్చిక చేసుకున్నది సుమారు పదివేల ఏళ్ల కిందట, ఇరాన్‌లోని జాగ్రోస్ కొండల ప్రాంతంలో. అప్పటి నుంచి మేక మనిషి వెంట ఎక్కని ఓడ లేదు, దాటని ఎడారి లేదు. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో 88 జాతులకు చెందిన 406 మేకల్లో తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏను పరిశీలించారు. మొత్తం వైవిధ్యంలో ఖండానికీ ఖండానికీ మధ్య తేడాగా కనిపించింది పది శాతమే. ఆవుల్లో ఇది సగం దాకా ఉంటుంది. అంటే ప్రపంచ మేకలన్నీ ఎప్పటికప్పుడు కలిసిపోతూనే వచ్చాయి.

కాబట్టి కలగలుపు అనగానే చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఇవాళ గొప్పగా చెప్పుకునే జాతుల్లో చాలా వాటి పుట్టుక కలగలుపే. పందొమ్మిదో శతాబ్దంలో ఓడల మీద ఇంగ్లండ్ చేరిన జమునాపారి రకం పోతులను అక్కడి నాటు మేకలతో, మధ్యప్రాచ్యం మేకలతో దాటించారు. వాటి సంతానమే ఆంగ్లో-న్యూబియన్, నేడు ప్రపంచమంతటా పాలకు పేరుపడ్డ జాతి. ఇండోనేషియాలోని పెరనకాన్ ఎటావా మేక పేరులోనే మన ఇటావా ఉంది. బోయర్ కూడా అంతే. దక్షిణాఫ్రికా రైతులు అక్కడి రకరకాల మేకల్లోంచి దశాబ్దాల పాటు ఏరుకుంటూ తయారుచేసుకున్నారు. 1959లో పెంపకందార్ల సంఘం పెట్టుకుని లక్షణాలను రాసుకున్నారు. అన్నిచోట్లా జరిగింది ఒకటే: కలపడంతో ఆగిపోలేదు, కలిపాక తరం తరువాత తరం ఏరారు, రాసిపెట్టారు.

మన దగ్గర తరచూ జరిగేది కలపడం మాత్రమే.

సాధారణంగా ఏం జరుగుతుందో చూద్దాం. ఖరీదైన బోయర్ పోతును నాటు మేకలకు దాటిస్తారు. మొదటి తరం పిల్లలు బ్రహ్మాండంగా ఉంటాయి. దూరపు రక్తాలు కలిసినప్పుడు వచ్చే ఆ ఊపును శాస్త్రవేత్తలు సంకర తేజం అంటారు. పిల్లలన్నీ దాదాపు ఒకే తీరుగా, ఒకే బలంతో పెరుగుతాయి. సంతోషంలో యజమాని ఆ క్రాస్ పిల్లల్లోంచే నిగనిగలాడే పోతుపిల్లను తరువాతి తరానికి తండ్రిగా ఉంచుకుంటాడు. ఇక్కడే పని చెడుతుంది. ఆ పోతు శరీరంలో రెండు జాతుల జన్యువులు జంటలు జంటలుగా పక్కపక్కన ఉన్నాయి. దాని వీర్యంలోకి వచ్చేసరికి అవి విడిపోయి, ఒక్కో కణంలో ఒక్కో తీరు కలయిక ఏర్పడుతుంది. రెండో తరంలో ఒక పిల్ల బోయర్‌లా, ఒకటి నాటులా, ఒకటి రెండూ కానట్టుగా పుడుతుంది. సంకర తేజం సగానికి పడిపోతుంది. క్రాస్ మేక తల్లిగా చాలా బాగుంటుంది, పాలిస్తుంది, తట్టుకుంటుంది. క్రాస్ పోతును తండ్రిగా పెట్టుకోవడం మాత్రం జూదం. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థ 1990ల్లో బోయర్ పిండాలు తెప్పించి ఉస్మానాబాదీలతో సంకరం మొదలుపెట్టినప్పుడు తూకాలు, ఈతల లెక్కలు రాసుకుంటూ చేసింది. ఆ రాతపని లేని సంకరం రెండు తరాల్లో దారి తప్పుతుంది.

ఒకే జాతి పోతులను తరతరానా వాడుతూ పోతే మంద ఆ జాతి వైపు జరుగుతుంది. మొదటి తరంలో 50 శాతం, రెండో తరంలో 75, మూడులో 87.5, నాలుగులో దాదాపు 94. మొదటిది తప్ప తక్కినవన్నీ సగటులే. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్లో కూడా అసలు వాటా అటూ ఇటూగా ఉంటుంది. మేక చూడి కాలం అయిదు నెలలే అయినా, ప్రతి తరం ఎదిగి ఎదకు రావడానికి పట్టే కాలం కూడా కలిపితే నాలుగు తరాలంటే ఆరేడేళ్ల ఓపిక. ఆ ఓపిక పెట్టే ముందు ఆ జాతి తమ నేలకు అవసరమా అని తేల్చుకోవాలి.

ఏ జాతి పెంచినా మందను మలిచేది పోతే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీతో గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు యూనిట్‌ను 20+1గా పెట్టింది: ఇరవై ఆడగొర్రెలు, ఒక పొట్టేలు. ఇరవై ఒక్క జీవాల్లో పొట్టేలు ఒక్కటే. తరువాతి తరం జన్యువుల్లో సగం మాత్రం ఆ ఒక్కదానివే. మేకల్లో ఇదే లెక్క. పాతిక, ముప్ఫై మేకలకు ఒక పోతు చాలు. మంద కొనేటప్పుడు ఆడమేకలను గంటల తరబడి ఏరి, పోతును చివర్లో ‘దీన్ని కూడా వేసుకోండి’ అంటే తెచ్చుకోవడం చాలాచోట్ల జరిగే తప్పు.

అంతకంటే లోతైన తప్పు సంతలో జరుగుతోంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మందలో అన్నింటికంటే వేగంగా పెరిగే పోతుపిల్ల బక్రీద్‌కు మంచి ధర పలుకుతుంది. జియాగూడ సంతకో, పండగ ముందు వెలిసే టోలీచౌకీ, మెహిదీపట్నం అంగళ్లకో వెళ్లిపోతుంది. అప్పటికి దానికి ఒక మేకను దాటే అవకాశం కూడా వచ్చి ఉండదు. ఇంట్లో మిగిలేది ధర పలకనిది, ఎదుగుదల తక్కువది. రేపటి మందకు తండ్రి అదే. ప్రతి పండగకూ మంచివి తీసేసి తక్కువరకం వాటితో పిల్లలు పుట్టించడమంటే ఎంపికను తలకిందులు చేయడమే. నాటు మేకలు ‘చిన్నగా అయిపోయాయి’ అని పెద్దలు అనడం వింటుంటాం. అందులో మేత కరువు పాలు ఉంది, ఈ తిరగబడ్డ ఎంపిక పాలూ ఉంది. మందకు రెండు మూడు మేటి పోతుపిల్లలను ముందే గుర్తుపెట్టి, ఎంత ధర చెప్పినా అమ్మకుండా ఉంచుకోగలిగితే బయటి జాతి కోసం పరుగెత్తే పనే చాలావరకు తగ్గుతుంది.

అయితే మేటి పిల్ల ఏది? చూడగానే లావుగా ఉన్నది అనడం సహజం. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒంటరిగా పుట్టిన పిల్ల తల్లిపాలన్నీ తానే తాగుతుంది, జతగా పుట్టినవి పంచుకుంటాయి. మూడు నెలల వయసులో ఒంటరి పిల్ల 14 కిలోలు, జత పిల్లలు చెరి 10 కిలోలు తూగాయనుకుందాం. లావుగా ఉన్నదాన్ని ఏరితే ప్రతిసారీ ఒంటరి పిల్లనే ఏరుతాం, తెలియకుండానే మందలో జత ఈతలను తగ్గించుకుంటూ పోతాం. కానీ జత పిల్లల తల్లి ఇచ్చింది 20 కిలోలు. అందుకే జత పిల్లలను జత పిల్లలతోనే, తొలిచూలు మేక పిల్లలను తొలిచూలు పిల్లలతోనే పోల్చాలి. తల్లిని తూచాలంటే ఏడాదిలో ఆమె పాలు మాన్పించే నాటికి పెంచి ఇచ్చిన పిల్లల మొత్తం బరువు చూడాలి. మందలో ఇంతకంటే నమ్మదగిన కొలత లేదు.

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు అన్ని లక్షణాలూ ఒకే స్థాయిలో అందవు. ఎదుగుదల, ఒంటి బరువు మధ్యస్థంగా అందుతాయి. మేకల మధ్య తేడాల్లో అయిదింట ఒక వంతు నుంచి అయిదింట రెండు వంతుల దాకా వంశం వల్ల వచ్చేవే. ఒక ఈతలో ఎన్ని పిల్లలన్నది మాత్రం పదో వంతు దగ్గరే ఉంటుంది. తక్కినదంతా మేత, వయసు, కాలం. కనుక ఒక్క ఈతలో మూడు పిల్లలేసిన మేక కొడుకు కోసం ఎగబడటంలో అర్థం లేదు. మూడు నాలుగు ఈతలు వరుసగా జత పిల్లలను వేసి, వాటిని బతికించి, తాను కూడా నిలదొక్కుకున్న మేక కొడుకును వెతకాలి. ఇలాంటి లక్షణాన్ని ఒక్క జన్యువుతో పట్టుకోగలిగిన అరుదైన సందర్భం దక్కనీ గొర్రెల్లో ఉంది. సుందరవనాల గారోల్ గొర్రెలోని ఒక జన్యువును ఫల్టణ్ శాస్త్రవేత్తలు దక్కనీ గొర్రెలోకి తెచ్చి ‘నారి సువర్ణ’ను తయారుచేశారు. అక్కడ పొట్టేలుకు డీఎన్‌ఏ పరీక్ష చేసి కూతుళ్లకు జత పిల్లలు పుట్టే అవకాశం ముందే చెప్పవచ్చు. తక్కిన చోట్ల నోటుపుస్తకమే దిక్కు.

పోతును చేత్తో పట్టి చూసేటప్పుడు ముందు నోరు తెరవాలి. కింది దవడ ముందుపళ్లు వయసు చెబుతాయి: రెండు పెద్దపళ్లు వస్తే ఏడాది దాటినట్టు, నాలుగంటే దాదాపు రెండేళ్లు, ఆరంటే రెండున్నర మూడేళ్లు, ఎనిమిది నిండితే ఆపైన. మేకకు పై దవడలో ముందుపళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది పళ్లు ఆ చిగురుకు సరిగ్గా తగలాలి. దవడ పొట్టిగా ఉండి పళ్లు వెనక్కి పోయిన పోతు కంప కొరకలేదు, ఆ లోపం పిల్లలకూ వస్తుంది. బీజాలు రెండూ ఒకే పరిమాణంలో, గట్టిగా, సంచిలోకి పూర్తిగా దిగి ఉండాలి. ఒకటే దిగిన పోతు ఎంత అందమైనదైనా వద్దు. కాళ్లు నిటారుగా ఉండాలి, గిట్టలు పరుచుకుపోకూడదు.

బోడి పోతుల గురించి విడిగా చెప్పాలి. కొమ్ముల్లేని పోతు పొడవదు, షెడ్డులో పెంచడం తేలిక, అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇష్టపడతారు. కానీ పాశ్చాత్య పాలజాతుల్లో ఎప్పటి నుంచో ఒక వింత గమనించారు. బోడి మేకను బోడి పోతుకు దాటిస్తే పుట్టిన ఆడపిల్లల్లో కొన్ని ఆడా మగా కానట్టుగా, గొడ్డుగా తేలతాయి. 2001లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు దీని మూలాన్ని పట్టుకున్నారు. కొమ్ములు రాకుండా చేసే డీఎన్‌ఏ మార్పే అండాశయం ఎదగడానికి కావాల్సిన జన్యువును కూడా దెబ్బతీస్తోంది. తర్వాతి పరిశోధనలు ఆ మార్పు ముందు అనుకున్నదానికంటే పెద్దదని తేల్చాయి. ఒక కాపీ ఉంటే కొమ్ములు రావు, అంతే. రెండు కాపీలు చేరిన ఆడపిల్ల గొడ్డుపోతుంది. ఒక్కో కాపీ ఉన్న రెండు బోడి జీవాలు కలిస్తే పుట్టే ఆడపిల్లల్లో నాలుగింట ఒకటికి ఆ ముప్పు. మందలో సగం మేకలు బోడివైన చోట జాగ్రత్తకు పైసా ఖర్చు లేదు: పోతుకు కొమ్ములుంటే చాలు.

చుట్టరికం కూడా చూడాలి. ఒకే పోతును రెండేళ్లకు మించి మందలో ఉంచితే తన కూతుళ్లనే దాటుతుంది. తండ్రీ కూతుళ్ల సంతానంలో జన్యువులు ఒకే మూలం నుంచి జంటగా చేరే అవకాశం 25 శాతం. బలహీనంగా పుట్టే పిల్లలు, తక్కువ బరువులు, ఎద నిలవని మేకలు ఆ ఇంటి నుంచే మొదలవుతాయి. పక్కపక్క ఊళ్లలో నలుగురు పెంపకందార్లు కలిసి రెండేళ్లకోసారి పోతులను వరసగా మార్చుకుంటే ఎనిమిదేళ్ల దాకా కొత్త పోతు కొనే పని ఉండదు. మార్చుకునే ముందు, లేదా బయటి నుంచి తెచ్చినప్పుడు, పోతుకు బ్రూసెల్లోసిస్ రక్తపరీక్ష చేయించాలి, పారుడు రోగానికి టీకా వేయించాలి, నట్టల మందు తాగించి మూడు నాలుగు వారాలు మందకు దూరంగా కట్టేయాలి. ఒక్క పోతుతో వచ్చిన జబ్బు మంద మొత్తాన్నీ ఈడ్చుకుపోయిన ఊళ్లు ఉన్నాయి.

ఇక మొదటి ప్రశ్న, ఏ జాతి? ఎండాకాలంలో 42 డిగ్రీలు దాటే, తుమ్మకాయా వేపాకూ కంపా తప్ప పెద్దగా దొరకని దక్కను మెట్టలో బయట తిప్పి మేపే మందకు ఉస్మానాబాదీ, దాని చుట్టాలైన నల్ల నాటు మేకలే సరైనవి. పూర్తిగా షెడ్డులో కట్టి పెంచేవాళ్లకు బార్బరీ ఇమిడిపోతుంది. జమునాపారి తన లోయల బయట అంత తేలిగ్గా నిలవదు. దాన్ని ఫోటోల కోసం తెచ్చుకోవడం డబ్బు దండగ. బయటి రక్తం మోజులో మన దగ్గరున్నది పోగొట్టుకుంటే ఏమవుతుందో తెలంగాణ ఒకసారి చూసింది. నల్ల ఉన్ని దక్కనీ గొర్రెలను మాంసం కోసం నెల్లూరు పొట్టేళ్లతో దాటిస్తూ పోయాక ఉన్ని లేని గొర్రెలు మిగిలాయి, గొంగడి నేసే ఇళ్లకు ఉన్ని కరువైంది. సాగరి రాందాస్ లాంటి పశువైద్యులు నడిపిన ‘అంత్ర’ సంస్థ కాపరులతో కలిసి ఆ దక్కనీలను నిలబెట్టడానికి ఏళ్ల తరబడి పనిచేయాల్సి వచ్చింది. మేకల్లో ఆ గతి పట్టకముందే మేలుకోవాలి.

కొనబోయేవాళ్లు చేయగలిగింది చాలానే ఉంది. ప్రతి మేకకూ కేంద్ర ప్రభుత్వ పశు నమోదు వ్యవస్థ ‘భారత్ పశుధన్’ కింద పన్నెండంకెల చెవి పోగు వేయించవచ్చు. ఆ నంబరు పక్కన తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఒంటరా జతా, మూడు, ఆరు, తొమ్మిది నెలల బరువులు రాసుకోవచ్చు. ఎక్సెల్ షీట్‌లో రోజంతా గడిపేవాళ్లకు ఇది పది నిమిషాల పని. అలాంటి లెక్కలు రాసే మందలు పెరిగితేనే కర్నాల్ సంస్థ ముందు పెట్టడానికి మన మేకలకు ఆధారాలు ఏర్పడతాయి. ఈలోగా పోతు కొనడానికి వెళ్లినప్పుడు జాతి పేరు అడగకండి, ధర కూడా వెంటనే అడగకండి. దాని తల్లిని, తోబుట్టువులను, గడిచిన ఈతల లెక్కను చూపించమనండి. చూపించలేకపోతే ఆ పోతుకు మాంసం ధర మాత్రమే ఇవ్వండి.